బెల్లం తింటే బొగ్గు దుమ్ము పోతుందా? ఊపిరితిత్తులు, పేగులు, చైనా మూలికల కథ

ఈసారి ఎపిసోడ్ గోదావరిఖనిలో మా ఇంట్లో కూర్చొని రికార్డ్ చేస్తున్నా. వెనకాల అప్పుడప్పుడు దగ్గు వినిపిస్తుంది. అది మా పెద్దబాపు. దాన్ని ఎడిట్‌లో తీసేద్దామనుకున్నా, కానీ ఈ ఎపిసోడ్ ఆ దగ్గు గురించే కాబట్టి ఉంచేస్తున్నా.

పెద్దబాపు ముప్పై ఏళ్లకు పైగా బాయిలో పనిచేశాడు. మొదట కోల్ ఫిల్లర్, తర్వాత డ్రిల్లింగ్. మన సింగరేణి బయటివాళ్ల కోసం చెప్తున్నా, మా దగ్గర బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. రిటైరై చాలా ఏళ్లయింది. రెండేళ్ల నుంచి మెట్లెక్కితే ఆయాసం. డాక్టర్ పంపు రాసిచ్చారు, అంటే ఇన్‌హేలర్. మూడు నెలల కింద నేను హైదరాబాద్ నుంచి వచ్చి చూస్తే పంపు గూట్లో దుమ్ము పట్టి ఉంది, పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఫోన్‌లో యాడ్ చూసి తెప్పించుకున్నాడట. డబ్బా మీద డ్రాగన్ బొమ్మ, "చైనా మూలికల లంగ్ క్లీన్" అని రాసి ఉంది. లోపల ఏమేం కలిపారో మాత్రం ఎక్కడా లేదు.

ఇదేంది పెద్దబాపూ అంటే ఆయన అన్నది ఇది: "గీ పొడి తింటే ఊపిరితిత్తుల దుమ్మంత కడుపులకెల్లి బయటికి వోతదంట కొడుకా. మేం షిఫ్ట్ దిగినంక బెల్లం తినకపోదుమా? గది సుత గందుకే."

నాకు నవ్వొచ్చింది. తర్వాత చదవడం మొదలుపెడితే నవ్వాల్సింది కాదనిపించింది. ఎందుకంటే ఆయన చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడమే ఈ ఎపిసోడ్. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కొన్నాళ్లు కోడ్ రాసినవాణ్ని. నాకు వచ్చింది ఒకటే, ఒక సిస్టమ్‌లో ఏది ఎటు పోతుందో వరసగా వెతకడం. అదే చేద్దాం.

దుమ్ము లోపలికి ఎలా పోతుంది

మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. బొగ్గు కోసేటప్పుడు, రాయి డ్రిల్ చేసేటప్పుడు లేచే దుమ్ములో అన్ని సైజుల రేణువులూ ఉంటాయి. 10 మైక్రాన్ల కంటే పెద్దవి చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. షిఫ్ట్ దిగి ముక్కు చీదితే నల్లగా వచ్చేది అదే. అంతకంటే చిన్నవి శ్వాసనాళాల దాకా పోతాయి. 5 మైక్రాన్ల లోపువి మాత్రం గాలి సంచుల దాకా దిగుతాయి. ఇవి కంటికి కనపడవు. అంటే కనపడే దుమ్ము కంటే కనపడని దుమ్మే ప్రమాదం.

ఇక్కడ శరీరంలో రెండు దారులున్నాయి. ఈ రెండిటికీ తేడా తెలిస్తే ఈ ఎపిసోడ్‌లో సగం తెలిసినట్టే.

మొదటి దారి శ్వాసనాళాలది. వాటి లోపలి గోడకి సన్నటి నూగు లాంటివి ఉంటాయి, వాటి మీద తెమడ పొర. ఆ నూగు కదులుతూ తెమడని పైకి, గొంతు వైపు తోస్తూనే ఉంటుంది. అందులో చిక్కిన దుమ్ము ఎక్కువ భాగం ఒక రోజులో గొంతుకి చేరుతుంది. అక్కడికి వచ్చాక కొంత ఉమ్మేస్తాం. మిగతాది మనకి తెలీకుండానే మింగేస్తాం. అది కడుపులోకి, పేగుల్లోకి, అట్నుంచి బయటికి.

చూశారా, పెద్దబాపు అన్నది నిజమే. ఊపిరితిత్తుల దుమ్ము కొంత కడుపులోంచే బయటికి పోతుంది. దీనికి ఏ పొడీ అక్కర్లేదు. ఆ నూగు పాడవకుండా ఉంటే చాలు. దాన్ని పాడుచేసేది బీడీ, సిగరెట్. బాయిలో దుమ్ము పీల్చి బయటికొచ్చి బీడీ ముట్టించడం అంటే చెత్త ఎక్కువ పడిన రోజే ఊడ్చే మనిషిని ఇంటికి పంపేసినట్టు.

రెండో దారి గాలి సంచులది. ఒక మనిషిలో ఇవి 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. అక్కడ నూగు లేదు, తెమడ లేదు. అక్కడ చేరిన రేణువుల్ని మాక్రోఫేజ్‌లు అనే కణాలు మింగుతాయి. బొగ్గు రేణువుని మింగి అవి నెలలు, ఏళ్లు అలాగే మోస్తాయి. అందులో సిలికా ఉంటే, అంటే ఇసుకరాయి దుమ్ము ఉంటే, మింగిన కణమే చచ్చిపోతుంది. చస్తూ వాపు పుట్టించే రసాయనాలు వదుల్తుంది. ఆ రేణువుని ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఈ లూప్ ఆగదు. చుట్టూ మచ్చ కట్టుకుంటూ పోతుంది. పుండు మానాక చర్మం గట్టిపడినట్టు ఊపిరితిత్తి గట్టిపడుతుంది. మన గోదావరి లోయ బొగ్గు పొరల చుట్టూ ఉన్నది ఎక్కువగా ఇసుకరాయే కాబట్టి, డ్రిల్లర్లకీ, రాయి పనిలో ఉన్నవాళ్లకీ, ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తీసే చోట ఉన్నవాళ్లకీ ఈ భయం ఎక్కువ.

బొగ్గు దుమ్ముతో వచ్చే ఈ జబ్బు పేరు న్యుమోకోనియోసిస్. సిలికాతో వస్తే సిలికోసిస్. మొదట్లో ఏమీ తెలీదు. బాయి మానేసిన తర్వాత కూడా పెరగొచ్చు. రిటైరైన పదేళ్లకి ఆయాసం మొదలైతే "వయసు కదా" అనుకుని వదిలేస్తాం.

మరి బెల్లం సంగతి?

దీని మీద నిజంగానే ఒక పరిశోధన ఉంది. లక్నోలోని ఇండస్ట్రియల్ టాక్సికాలజీ రీసెర్చ్ సెంటర్‌లో సాహు, సక్సేనా అనే శాస్త్రవేత్తలు చేశారు, 1994లో అమెరికా నుంచి వచ్చే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్ పత్రికలో అచ్చయింది. దుమ్ములో, పొగలో పనిచేసేవాళ్లు బెల్లం తింటే ఇబ్బంది లేదంటున్నారే, అందులో నిజమెంత అని వాళ్లు ఎలుకల మీద చూశారు. ఎలుకల శ్వాసనాళంలోకి నేరుగా బొగ్గు దుమ్మో సిలికా దుమ్మో వేసి, కొన్నిటికి రోజుకి అర గ్రాము బెల్లం, వారానికి 5 రోజులు, 90 రోజులు పెట్టారు. బెల్లం తిన్న ఎలుకల్లో మచ్చలు తక్కువ కనిపించాయి, ఊపిరితిత్తుల్లోంచి దుమ్ము ఎక్కువగా కదిలింది.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే వాట్సాప్ మెసేజ్ అవుతుంది. కాబట్టి మిగతాది కూడా వినండి.

ఒకటి, ఆ దుమ్ము ఎటు కదిలింది? కడుపులోకి కాదు. శ్వాసనాళాల పక్కనుండే లింఫు గ్రంథుల్లోకి. అంటే ఒంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి. రెండు, ఒకేసారి దుమ్ము వేసిన ఎలుక వేరు, ముప్పై ఏళ్లు రోజూ పీల్చిన మనిషి వేరు. మూడు, మోతాదు. ఎలుక బరువు 200 గ్రాములు అనుకుంటే, నేరుగా బరువు లెక్కన 60 కిలోల మనిషికి రోజుకి 150 గ్రాముల బెల్లం. ఎలుక మోతాదుని మనిషికి మార్చేటప్పుడు మందుల పరిశోధకులు సాధారణంగా వాడే లెక్క వేస్తే దాంట్లో ఆరో వంతు, 25 గ్రాములు. అది కూడా దాదాపు 5 చెంచాల పంచదారతో సమానం. పెద్దబాపుకి షుగర్ ఉంది. మన కాలనీల్లో ఆ వయసువాళ్లు ఎంతమందికి లేదు చెప్పండి?

అయితే బెల్లం తిన్నాక గొంతు హాయిగా ఉండేది అబద్ధమా అంటే, కాదు. తీపికి లాలాజలం ఊరుతుంది, గొంతులో ఉన్నది కిందికి జారుతుంది. అది మొదటి దారి పై చివర. గాలి సంచుల్లో ఉన్నది మాత్రం అక్కడే ఉంటుంది.

చైనావాళ్లు ఏమంటున్నారు

ఇప్పుడు ఆ డ్రాగన్ డబ్బా దగ్గరికి వద్దాం. చైనా సంప్రదాయ వైద్యంలో ఊపిరితిత్తులు, పెద్దపేగు ఒక జంట. ఒకదానికి జబ్బు చేస్తే రెండోదానికి వైద్యం చేయొచ్చంటారు. రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్‌డీ నెయ్‌జింగ్ అనే గ్రంథం దగ్గర్నుంచీ ఈ మాట నడుస్తోంది. అందుకే జ్వరం, ఆయాసం, మలబద్ధకం కలిసి ఉన్న రోగికి దాహ్వాంగ్ అనే వేరు కలిసిన కషాయం ఇచ్చేవాళ్లు. అది విరేచనాల మందు. ఆయాసానికి విరేచనాల మందేంటి అని మనకి వింతగా ఉంటుంది.

కానీ ఇప్పటి వైద్యం కూడా పేగులకీ ఊపిరితిత్తులకీ సంబంధం ఉందనే అంటోంది. కనీసం రెండు రకాలుగా.

మొదటిది, ప్రాణం మీదికి వచ్చిన జబ్బులప్పుడు. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు, పెద్ద దెబ్బలు తగిలినప్పుడు పేగు గోడ దెబ్బతింటుంది. లోపలి విషపదార్థాలు బయటికి కారతాయి. మామూలుగా పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికి పోతుంది, అక్కడ వడపోత జరుగుతుంది. మా భాషలో చెప్పాలంటే కాలేయం ఫైర్‌వాల్. కానీ పేగుల నుంచి లింఫు నాళాల్లో పోయేది కాలేయాన్ని తాకకుండా మెడ దగ్గర సిరలో కలిసి, గుండె కుడివైపు నుంచి నేరుగా ఊపిరితిత్తులకి చేరుతుంది. ఫైర్‌వాల్ పక్కనుంచి ఇంకో దారి ఉన్నట్టన్నమాట. ఐసీయూలో ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినడానికి ఇది ఒక కారణం కావచ్చని పరిశోధకులు అంటున్నారు.

రెండోది, రోజువారీ తిండి. మనం తిన్న పీచుని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి కొన్ని చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. అవి రక్తంలో కలిసి రోగనిరోధక కణాల తీరుని మారుస్తాయి. 2014లో స్విట్జర్లాండ్ పరిశోధకులు నేచర్ మెడిసిన్‌లో చూపించింది ఇదే: పీచు ఎక్కువ తిన్న చిట్టెలుకల్లో అలర్జీ వల్ల వచ్చే శ్వాసనాళాల వాపు తగ్గింది, పీచు తక్కువైనవాటిలో పెరిగింది.

గమనించండి, ఈ రెండు దారుల్లోనూ కదిలేది రసాయనాలు, రోగనిరోధక సంకేతాలు. రాతి రేణువులు కాదు. పేగుకీ ఊపిరితిత్తికీ మధ్య ఉన్నది ఫోన్ లైన్ లాంటిది, కన్వేయర్ బెల్ట్ కాదు. డబ్బా అమ్మేవాళ్లు చేసే మోసం ఇక్కడే ఉంది. ఫోన్ లైన్ ఉందన్న నిజం చెప్పి కన్వేయర్ బెల్ట్ అమ్ముతారు.

మరి చైనా మూలికలన్నీ ఉత్తవేనా? కాదు. షుయెబిజింగ్ అనే ఇంజెక్షన్ ఉంది. 5 మూలికల నుంచి చేస్తారు, అందులో ఒకటి మనకి తెలిసిన కుసుమ పువ్వు. 2019లో 710 మంది తీవ్ర న్యుమోనియా రోగుల మీద పరీక్షించారు. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు మందు ఇచ్చిన గుంపులో దాదాపు 16 శాతం, ఉత్త ద్రావణం ఇచ్చిన గుంపులో దాదాపు 25 శాతం. 2023లో సెప్సిస్ రోగులు 1,800 మందికి పైగా ఉన్న ఇంకో పరీక్షలో 18.8 శాతం, 26.1 శాతం. రెండూ చైనా ఆసుపత్రుల్లోనే జరిగాయి, వేరే దేశాల్లో కూడా ఇలాగే వస్తే నమ్మకం పెరుగుతుంది. కానీ ఇది లాటరీ తీసినట్టు రోగుల్ని రెండు గుంపులు చేసి చేసిన అసలు పరీక్ష. అది ఐసీయూలో, రక్తనాళంలోకి, అప్పటికప్పుడు దెబ్బతిన్న ఊపిరితిత్తులకి. ముప్పై ఏళ్ల మచ్చకి, ఇంట్లో చెంచాతో తినే పొడికి, దీనికి ఏ సంబంధమూ లేదు. ఇంటికెళ్లి కుసుమ పువ్వులు నానబెట్టకండి.

గని కార్మికుల కోసమే చైనాలో వాడే మూలిక కూడా ఒకటుంది. హాన్‌ఫాంగ్‌జీ అనే తీగ వేరు. అందులోంచి తీసిన టెట్రాండ్రిన్ అనే మందుని అక్కడ సిలికోసిస్‌కి దశాబ్దాలుగా ఇస్తున్నారు. మచ్చ పెరిగే వేగం తగ్గుతుందేమోనని ఆశ. మచ్చని తుడిచేస్తుందని కాదు.

పేరు ఒకటే, వేరు వేరే

ఇక్కడే నాకు నిద్ర పట్టని విషయం ఎదురైంది. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి చైనా మూలికల పొడులు ఇచ్చేది. అందులో ఈ హాన్‌ఫాంగ్‌జీ ఉండాలి. కానీ కలిసింది గ్వాంగ్‌ఫాంగ్‌జీ. పేరులో ఒక ముక్కే తేడా, మొక్క పూర్తిగా వేరు. రెండోదాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి దాకా పోయింది. 1993లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి మొదట బయటికొచ్చింది. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది.

ఇది బెల్జియం కథే అనుకోకండి. ఆ మొక్క కుటుంబానిదే మన ఈశ్వరి వేరు. పాముకాటుకని ఊళ్లల్లో చెప్తారే, అదే. దాంట్లోనూ ఆ ఆమ్లం ఉంది. ఈ ఆమ్లం ఉన్న మొక్కలు మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. మూలిక కాబట్టి ఏమీ కాదు అన్న మాట ఎంత తప్పో చూడండి. చైనాలో గని కార్మికుడికి ఇచ్చే మూలికకీ, కిడ్నీ తీసేసే మూలికకీ మధ్య తేడా ఒక పేరు ముక్క. మా ఇంటికి వచ్చిన డబ్బా మీద ఆ పేరు కూడా లేదు.

మూలికలంటే నాకు చిన్నచూపు లేదు. మన ఊళ్ల పొలిమేరల్లో పెరిగే అడ్డసరం ఆకు ఉంది కదా, దగ్గుకి కషాయం చేస్తారు. దాంట్లో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఆధారం చేసుకుని బ్రోమ్‌హెక్సిన్, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చాయి. మెడికల్ షాపులో కొనే దగ్గు సిరప్పుల్లో చాలావాటిలో ఇవే ఉంటాయి. మన ఆకే. కానీ ఏ పదార్థం, ఎంత, ఎవరికి అన్నది తేల్చాక మందు అయింది. అది కూడా తెమడని పల్చన చేసేదే, అంటే మొదటి దారిలోనే పనిచేస్తుంది.

అలా తేల్చే పద్ధతికి కూడా బొగ్గుకీ సంబంధం ఉంది. మందుల పరీక్షల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ పేరు వినే ఉంటారు. ఆ పేరు ఆర్చీ కోక్రేన్ అనే డాక్టర్‌ది. ఆయన ఎన్నో ఏళ్లు వేల్స్‌లో బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు చూశాడు. 1950లో రెండు లోయల్ని పోలుస్తూ పెద్ద సర్వే మొదలుపెట్టాడు. పోలిక లేకుండా ఏ వైద్యాన్నీ నమ్మొద్దని ఆయన మొండిగా చెప్పాడు. "నాకు తగ్గింది" అనే మాట పక్కన "తిననివాళ్లకి ఏమైంది" అన్న ప్రశ్న పెట్టమన్నాడు. అంతే.

మరి ఏం చేయాలి

గాలి సంచుల్లో దిగిన దుమ్ముని బయటికి తీసే తిండి లేదు, పొడి లేదు. మచ్చ పడిన చోటు మళ్లీ మెత్తబడదు. ఇది చెప్పడం కష్టంగానే ఉంది. కానీ మిగిలిన ఊపిరిని కాపాడుకోవడానికి చేయగలిగింది చాలా ఉంది.

ఇప్పుడు బాయికి పోతున్నవాళ్లు: నీళ్లు చల్లడం, తడి డ్రిల్లింగ్, మాస్క్. మెడకి కట్టుకున్న తువ్వాల 5 మైక్రాన్ల దుమ్ముని ఆపదు. గనుల్లో నిర్ణీత కాలానికోసారి జరిగే వైద్య పరీక్ష, మనం పీఎంఈ అంటాం, అది కాంట్రాక్ట్ కార్మికులకి కూడా వర్తిస్తుంది. మా దగ్గర ఒక అలవాటు ఉంది. పీఎంఈ అంటే ఫిట్టా, అన్‌ఫిట్టా, అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుందా అనే మాట్లాడుకుంటాం. ఊపిరి ఎంత మిగిలింది అని ఎవరూ అడగరు. అడగండి. ఎక్స్‌రేలో ఏముంది, స్పైరోమెట్రీలో ఎంత ఊదగలిగాం అనే కాగితం తీసుకుని దాచుకోండి. తర్వాత తీసినదాన్ని దాంతో పోల్చొచ్చు. న్యుమోకోనియోసిస్ పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. ఆ కాగితాలే రేపు సాక్ష్యం.

రిటైరైనవాళ్లు: ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు చెప్పాల్సిన మాట "నేను బాయిలో ఇన్నేళ్లు ఫలానా పని చేశాను" అని. అది చెప్పకపోతే ఉబ్బసం అనుకునే అవకాశం ఉంది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. సిలికా చేరిన ఊపిరితిత్తుల్లో టీబీ సులువుగా వస్తుంది, సర్కారు దవాఖానాల్లో పరీక్షా మందులూ ఉచితం. పంపు రాసిస్తే మానొద్దు. అది దుమ్ముని తీయదు, బిగుసుకున్న నాళాల్ని తెరుస్తుంది. బీడీ మానాలి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి అడగాలి. రోజూ మెల్లగా నడవడం కూడా వైద్యమే.

తిండి సంగతి: జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు తినండి. పేగులకి మంచిది, షుగర్‌కి మంచిది, ఊపిరితిత్తులకి కూడా మేలు జరగొచ్చు. బెల్లం ముక్క ఇష్టమైతే, షుగర్ లేకపోతే తినండి. బెల్లంగా తినండి, మందుగా కాదు.

చివరగా మా ఇంటి సంగతి. పొడి తింటూ పంపు మానేసిన పెద్దబాపుని చలికాలంలో ఒక రాత్రి ఆయాసంతో ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఎక్స్‌రేలో రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు. ఎన్నేళ్లుగా ఉన్నాయి అని డాక్టర్ అడిగితే మా దగ్గర జవాబు లేదు, పాత ఎక్స్‌రే ఒక్కటి కూడా దాచుకోలేదు. ఇంటికొచ్చాక డబ్బా పారేస్తానంటే ఆయన వద్దన్నాడు. డబ్బు పెట్టి కొన్నాడు కదా. చివరికి పెద్దమ్మ పొడి పారబోసి, డబ్బా కడిగి ఉప్పు పోసుకుంది. ఇప్పుడు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పంపు నా ముందరే పీలుస్తాడు. నేను హైదరాబాద్‌లో ఉంటే వీడియో కాల్‌లో.

మీ ఇంట్లో కూడా బాయి పని చేసినవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపడంతో ఆపకండి. పక్కన కూర్చొని ఒక మాట అడగండి: ఆఖరి ఎక్స్‌రే ఎప్పుడు తీయించావు, ఆ ఫిల్మ్ ఎక్కడుంది? దొరికితే భద్రంగా పెట్టండి. దొరకకపోతే ఈ వారం తీయించండి.

మళ్లీ కలుద్దాం. ఉంటా.